ఏ యేటి పని చెప్పాలె?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చదువుకుంటాం. ఆ లెక్కలు ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. మా సంఘం లెక్క కూడా అందులోనే ఉంది. ఈసారి కమిటీ వాళ్లు, "మీరు ఇన్నేళ్లలో చేసిన పనుల గురించి చెప్పండి" అని మమ్మల్ని అడిగారు. చేసిన పనే కదా, చెప్పడానికి ఏముందని ఒప్పుకున్నాం. కూర్చుని రాయబోతే అది మేము అనుకున్నంత తేలిక కాలేదు. ఎందుకు కాలేదో అదే ఇవాళ చెబుతాం.

మా సంఘంలో పదకొండు మందిమి. అందరికన్నా పెద్దామెకు అరవై ఏళ్లు, చిన్నామెకు ముప్పై ఒకటి. పదో తరగతి దాకా చదివింది మాలో ఒక్కతే. అందుకే పుస్తకం రాసే పని ఆమె చేతికి వచ్చింది, తర్వాత లీడరు పని కూడా వచ్చింది. ఇప్పుడు మీ ముందు నిలబడి చదువుతున్నది ఆమే. కానీ మాట పదకొండు మందిది. మొన్న మీటింగులో ఒకసారి చదివి వినిపించి, అందరూ సరే అన్నాకే ఇక్కడికి తెచ్చాం.

2021లో ఈ-శ్రమ్ కార్డులు మొదలుపెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. పదహారేళ్ల నుంచి యాభై తొమ్మిదేళ్ల దాకా అసంఘటిత కార్మికులందరూ పేరు రాయించుకోవాలన్నారు. మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందట టెంటు వేసి ల్యాప్‌టాప్ పెట్టారు. మేమే ఇల్లిల్లు తిరిగి ఆడవాళ్లను పిలుచుకొచ్చినం. మా సంఘంలో పెద్దామె వంతు వచ్చింది. ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం. అప్పుడు ఆమెకు యాభై ఆరు. ఆపరేటరు పిల్లగాడు ఆధార్ నంబరు కొట్టి, "అవ్వా, నీ ప్రధాన వృత్తి ఏంది?" అని అడిగాడు.

ఆమెకు అర్థం కాలేదు. "అదే, ఏం పని చేస్తవ్?" అని మళ్లీ అడిగాడు.

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "ఏ యేటి పని చెప్పాలె బిడ్డా?" అన్నది.

లైన్లో ఉన్నోళ్లమంతా నవ్వినం. వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు, సర్వర్ ఆగి ఆగి నడుస్తున్నది. పక్కన నిలబడ్డ మేమే తొందరపడి, "కూలీ అని కొట్టు తమ్మీ" అన్నాం. అతను కొట్టాడు. కార్డు కాగితం వచ్చింది. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. మేము ఆ మాట అప్పుడే మర్చిపోయినం.

2023 చివర్లో బ్యాంకు లింకేజీ కోసం మైక్రో క్రెడిట్ ప్లాన్ రాయాల్సి వచ్చింది. అందులో ఒక్కో సభ్యురాలికి ఏ పని వచ్చు, ఆదాయం ఎందులో, అప్పు ఎంత కావాలి అని గడులు ఉంటాయి కదా. దాచుకోవడం ఎందుకు, పాత ప్లాన్ చూసి కొత్తదాంట్లోకి దించేయడం మాకు అలవాటు. ఇక్కడున్న చాలా సంఘాలకూ అలవాటే. ఆ రోజు పాత ప్లాన్ తీసి పైకి చదువుతున్నాం. పదకొండు పేర్లలో ఏడింటి ఎదురుగా "కూలీ" అని, మూడింటి ఎదురుగా "గృహిణి" అని, ఒకదాని ఎదురుగా "టైలర్" అని ఉంది. రాసింది మా చెయ్యే. పెద్దమ్మ పేరు ఎదురుగా "గృహిణి" అని ఉంది.

"గృహిణి అంటే ఏంది?" అని అడిగింది ఆమె.

"ఇంటి పట్టున ఉండేటామె, పెద్దమ్మా."

"ఎన్నడున్న నేను ఇంటి పట్టున?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్లాను పక్కన పెట్టి, ఒక తెల్ల నోటుబుక్కు తీసి, "సరే, మొదటి నుంచి చెప్పు" అన్నాం. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పేది వింటుంటే మిగతావాళ్లకూ ఎవరి పనులు వాళ్లకు గుర్తుకు రాబట్టినయి. ఒకామె చాయ్ పెట్టుకొచ్చింది. ఆ రాత్రి మీటింగు పదకొండు దాటింది.

అందరం మొదట చేసిన పని ఒకటే, పొలం పని. ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో అమ్మ వెంట కలుపు తీయడానికి పోయినం. నాటు వేయడం అక్కడే నేర్చుకున్నం. మోకాలి లోతు బురదలో పొద్దంతా వంగి వెనక్కి నడవాలి. రాత్రి పడుకుంటే నడుము నిటారుగా ఆనదు. మగవాళ్లు గట్టు చెక్కుతారు, నారు కట్టలు విసురుతారు. వాళ్లకు కూలి ఎక్కువ, మాకు తక్కువ. ఎందుకు తక్కువ అని మేము అడగలేదు. అమ్మ అడగలేదు, అమ్మమ్మ అడగలేదు, మేమూ అడగలేదు.

పసుపు కాలం వస్తే పసుపు పని. మా వైపు పసుపు పంట ఎక్కువ. తవ్విన దుంపలు ఏరాలి, మట్టి దులిపి కొమ్ము, గోళ వేరు చేయాలి, ఉడికించినవి ఎండలో పరచాలి, మళ్లీ తిరగేయాలి. ఆ రెండు నెలలు చేతులు, గోళ్లు, కట్టుకున్న చీర అన్నీ పసుపే. మాలో ఒకామె అన్నది, "పెండ్లిల ఒక్కరోజు పెట్టిన్రు పసుపు. కూలికి పోతే రెండు నెలలు పెట్టిన్రు."

ఇక బీడీలు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు బీడీల గురించి చెప్పనక్కర్లేదు. వేరే జిల్లాల అక్కలు ఈ పుస్తకం చదివితే వాళ్ల కోసం చెబుతున్నాం. తునికాకు రాత్రి తడిపి పెట్టాలి. పొద్దున ఒక్కో ఆకునూ కొలతకు కత్తిరించాలి. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. అన్నీ వేళ్లతో చేసే పనులే. కంపెనీ ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే, తక్కువ పడిన ఆకు మన పైసలతోనే కొనాలి. చుట్టి తీసుకుపోతే అక్కడ చూసి, బాగాలేవని కొన్ని తీసి పారేస్తారు. పారేసినవాటికి కూలి లేదు.

మాలో ఎనిమిది మందిమి బీడీలు చుట్టినోళ్లమే. ఐదో తరగతిలో ఉన్నప్పుడే బడి నుంచి వచ్చి చాట ముందు కూర్చున్నం. మా బీడీలు అమ్మ కార్డు మీద పోయేవి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది బీడీల పైసలతోనే. పరీక్షల నెలలో కూడా రోజుకు మూడు నాలుగు వందలు చుట్టినం. లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయి. కట్టలు లెక్కపెట్టి, కోతలు తీసేసి, చేతికి ఎంత వస్తుందో చూసుకునేటోళ్లకు లెక్కలు రాకుండా ఎట్లుంటాయి?

మాలో ఇద్దరు హైదరాబాద్ పోయినోళ్లున్నారు. పొద్దున ఆరింటికి అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడేవాళ్లు. మేస్త్రీ వచ్చి మనిషిని చూసి పిలుస్తాడు. చంకలో పిల్ల ఉంటే పిలవడు. పిల్లను పక్కనామెకు ఇచ్చి, బలంగా కనబడేటట్టు కొంగు నడుముకు చుట్టి నిలబడాలి. వాళ్లు తట్ట మోసి కట్టిన బిల్డింగుల్లో ఇప్పుడు ఎవరుంటున్నారో వాళ్లకు తెలియదు. ఏ కాలనీయో కూడా ఒకామెకు గుర్తు లేదు, "నీళ్ల ట్యాంకి పక్కపొంటి" అని మాత్రం అన్నది.

ఉపాధి హామీ పని మా జిల్లాకు మొదటి విడతలోనే, 2006లో వచ్చింది. అప్పుడు రోజుకు 80 రూపాయలన్నారు, కొలత ప్రకారం ఇస్తామన్నారు. ఆ 80 రూపాయల కన్నా మాకు ఇంకొక మాట ఎక్కువ గుర్తున్నది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే రేటు అన్నారు. మొదటి వారం పైసలు వచ్చినప్పుడు మా ఇంటాయన చీటీ, మా చీటీ పక్కపక్కన పెట్టి చూసుకున్నం. పైకి ఎవరం ఏమీ అనలేదు గానీ ఆ వారం ఇంట్లో మా గొంతు కొంచెం లేచింది.

తర్వాత సంఘాల ద్వారా వచ్చిన పనులు. మాలో ఒకామె బడిలో మధ్యాహ్న భోజనం వండింది. చాలా ఏళ్లు నెలకు వెయ్యి రూపాయలే. కూరగాయలకు, గుడ్లకు ముందు మన చేతి నుంచి పెట్టాలి, బిల్లు ఎప్పుడో వస్తుంది. సంఘం నుంచి అప్పు తీసుకుని పిల్లలకు వండిన నెలలు ఉన్నాయి. ఒకామె ఇంటి దగ్గర మిషన్ కుడుతుంది, ఈ మధ్య బడి యూనిఫాంలు కుట్టింది. వడ్ల కొనుగోలు కేంద్రం మన గ్రామ సంఘానికి వచ్చినప్పుడు అందరం దిగినం. తేమ చూడటం, తూకం వేయించడం, సంచుల లెక్క, లారీ లెక్క అన్నీ నేర్చుకున్నం. తేమ 17 శాతం కన్నా ఎక్కువుంటే రైతుకు నచ్చజెప్పి మళ్లీ ఆరబోయించాలి. మొదటి ఏడు, "ఆడోళ్లకేం తెలుసు తూకం" అన్నోళ్లే మూడో ఏడు, "అమ్మా, మా వడ్లు జర తొందరగ జోకియ్యున్రి" అని వచ్చారు.

ఇట్లా పదకొండు మంది పనులు రాస్తే ఇరవై మూడు రకాలు తేలినయి. ఒక్క పెద్దమ్మవే పన్నెండు. ఆమె చెప్పిన వరసలోనే చదువుతున్నాం. గొడ్లు కాయడం. కలుపు, నాటు. పత్తి ఏరడం. పెండ్లయినంక మొగునితో భివండీ పోయి మగ్గాల దగ్గర కండెలు చుట్టడం. అక్కడే రెండు ఇండ్లల్లో అంట్లు తోమడం. తిరిగొచ్చినంక ఇటుక బట్టీ. హైదరాబాద్‌లో తట్ట మోయడం. బీడీలు. పసుపు ఏరడం. ఉపాధి పని. బడిలో వంటామెకు సాయం. వడ్ల కేంద్రంలో జల్లెడ పట్టడం, ఊడవడం. ఇన్ని చేసినామె పేరు ఎదురుగా మేము "గృహిణి" అని రాసినం.

అక్కడితో ఆగి ఉంటే ఇది మంచి ముచ్చటగా మిగిలేది. కానీ పక్క గడిలో "ఎవరి పేరు మీద" అని ఒక ప్రశ్న పెట్టుకున్నం. ఉపాధి పని అంటే జాబ్ కార్డు ఎవరిది, వంట అంటే రిజిస్టరులో పేరు ఎవరిది అని రాయాలనుకున్నం. పెద్దమ్మ బీడీల దగ్గరికి వచ్చినప్పుడు, "ఎవరి కార్డు మీద?" అని అలవాటుగా అడిగినం.

ఆమె ఏమీ మాట్లాడలేదు. మా దిక్కు చూసింది. మేమూ ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ కార్డులు మావే.

సంగతి ఏమిటంటే, వాళ్లు భివండీ నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఆమె కార్డు అడిగింది. "రేపు మళ్ల ఎల్లిపోతవ్, నీకు కార్డెందుకు" అన్నారు. ఆ తర్వాత అడిగితే కొత్త కార్డులు లేవన్నారు. మా సంఘంలో ముగ్గురికి కార్డులున్నాయి. ఇద్దరికి అత్తగారింటి నుంచి వచ్చినయి, ఒకరికి పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు అమ్మ వెంటబడి రాయించింది. ఆ మూడోది, ఇప్పుడు ఈ కాగితం చదువుతున్నామెదే. నాట్ల కాలంలో, కోతల కాలంలో పొలం కూలి ఎక్కువ వస్తుందని మేము పొలం పోయేవాళ్లం. కానీ బీడీలు ఇవ్వకపోతే కార్డు ఆగిపోతుంది. అందుకని మా ఆకు, మా తంబాకు పెద్దమ్మకు ఇచ్చేవాళ్లం. ఆమె పగలు ఏదో కూలికి పోయి, రాత్రి దీపం పెట్టుకుని చుట్టేది. మా కార్డు మీద ఇచ్చి, వచ్చిన కూలి ఆమెకు ఇచ్చినం. ఒక్క పైసా ఉంచుకోలేదు. మేము చేసింది మంచి పనే అని అనుకున్నం. ఆమెకూ పని దొరికింది, మా కార్డూ నిలబడింది.

2015లో పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి ఇవ్వడం మొదలైంది. మా ముగ్గురికీ వచ్చింది. పెద్దమ్మ కూడా మాతోపాటు పంచాయతీ ఆఫీసుకు వచ్చి లైన్లో నిలబడ్డది. "నీకు రాదు పెద్దమ్మా, నీకు పీఎఫ్ లేదు కదా" అని చెప్పింది మేమే. మేము చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఆమె చెప్పులేసుకుని ఇంటికి పోయింది. ఆ తర్వాత ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. 2019లో అది 2,016 రూపాయలైంది. 2022లో వృద్ధాప్య పింఛనుకు వయసు యాభై ఏడుకు తగ్గించినంక ఆమెకు అది మంజూరైంది. మధ్యలో ఏడేళ్లు ఆమె చేతికి ఏమీ రాలేదు.

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా బయటపడింది. పీఎఫ్ కోత పడ్డాకే కూలి చేతికి వస్తుంది కదా. అంటే మేము పెద్దమ్మకు ఇచ్చింది కోత పోగా మిగిలిన కూలి. ఆమె రాత్రులు చుట్టిన బీడీల మీద కోసిన పైసలు కూడా మా పీఎఫ్ ఖాతాలోనే పడ్డాయి. ఒక్క పైసా ఉంచుకోలేదని ఇన్నేళ్లు అనుకున్నం. ఉంచుకున్నం.

తర్వాత రెండు మీటింగులు గొడవతోనే పోయినయి. ఇది కూడా చెప్పాలి. కార్డు ఉన్న ముగ్గురిలో ఒకామె, "మనం దొంగతనం చేసినమా? పని లేదంటే పని ఇచ్చినం" అన్నది. అదీ నిజమే. కార్డు ఇవ్వనిది మేము కాదు. ఇంకొకామె, "ఆమె అడగనిదానికి మీరెందుకు తవ్వుతున్నరు?" అన్నది. ఒక మీటింగుకు ఒకరు రానే రాలేదు, జరిమానా రాసినం. భర్త దుబాయ్‌లో ఉండి మూడు నెలలుగా పైసలు పంపలేదని, ఉన్న ఒక్క ఆధారం ఆ భృతేనని తర్వాత చెప్పుకుని ఏడ్చింది. ఆమె బాధ కూడా అబద్ధం కాదు.

మేము లెక్క వేసినం. నాలుగేళ్లు నెలకు వెయ్యి చొప్పున 48,000. మూడేళ్లు నెలకు 2,016 చొప్పున 72,576. మొత్తం 1,20,576 రూపాయలు. మా మూడు కార్డుల మీద పోయిన బీడీలు ఆమె పేరు మీద ఒక్క కార్డులో పోయి ఉంటే, ఆమెకు వచ్చి ఉండేది ఇది. ముగ్గురం తలా నెలకు మూడు వందలు ఇవ్వగలం అనుకున్నం. అంతకన్నా ఎక్కువ చెబితే నాలుగు నెలలు కట్టి మానేస్తాం. మన అప్పుల సంగతి మనకు తెలుసు.

పెద్దమ్మకు చెబితే సంతోషపడుతుందనుకున్నం. ఆమెకు కోపం వచ్చింది. "ఏడేండ్లు నేనెవ్వర్ని అడగలే. ఇప్పుడు మీకు యాదికొస్తే నేను చెయ్యి చాపాల్నా?" అన్నది. లేచి వెళ్లిపోయింది. వారం తర్వాత తనే వచ్చింది. పుస్తకం చూపించమన్నది. అప్పటికి మేము "పెద్దమ్మకు సహాయం" అని హెడ్డింగు రాసి పెట్టినం. చదివించుకుని విన్నది.

"సాయం గాదు. నా కూలి. కూలి బాకీ అని రాస్తే తీసుకుంట."

మన సంఘం పుస్తకంలో ఏ గడులున్నాయో మీకు తెలుసు. పొదుపు, అప్పు, వడ్డీ, జరిమానా, ఇతరములు. కూలి బాకీ అనే గడి లేదు. స్కేలు పెట్టి కొత్త గీత కొట్టినం. "సహాయం" అన్నది కొట్టేసి "కూలి బాకీ" అని రాసినం. 2024 జనవరి నుంచి 2025 మార్చి దాకా పదిహేను నెలలు. నెలకు 900 చొప్పున 13,500 జమ అయింది. ఒక నెల ఒకామె కట్టలేకపోయింది, మరుసటి నెల రెండూ కట్టింది. ఇంకా 1,07,076 ఉంది. ఈ లెక్కన తీరడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అప్పటికి పెద్దమ్మకు డెబ్బై. "దబదబ కట్టున్రి, నేను ఉండంగనే" అని ఆమె నవ్వుతుంటుంది. మాకు మాత్రం అంత నవ్వు రాదు.

ఇదంతా పుస్తకంలో అచ్చు వేయాలా అని కమిటీలో అడిగారు. మా తప్పు మేమే అచ్చు వేసుకోవడం ఎందుకన్నారు. పెద్దమ్మను అడిగితే, "నా పేరు వద్దు, ముచ్చట రాయిన్రి" అన్నది. ఆమె ఇప్పుడు ఈ టెంటు కిందనే మీ మధ్యలో కూర్చుని ఉంది.

అక్కలారా, మా ఒక్క ఊరి ముచ్చట చెప్పి పోవడానికి రాలేదు. మీ సంఘంలో కూడా ఇట్లాంటి పేరు ఒకటి ఉంటుంది. ఒకరి జాబ్ కార్డు మీద ఇంకొకరు మట్టి తవ్వి ఉంటారు. వంట రిజిస్టరులో అత్త పేరు ఉంటే కోడలు వండి ఉంటుంది. పట్టా మొగుని పేరు మీద ఉంటే పంట మొత్తం ఆమె చేసి ఉంటుంది. ఒకే పని ముప్పై ఏళ్లు చేసినోళ్లకు ఒక కాగితం ఉంటుంది. మనం కాలాన్ని బట్టి, కరువును బట్టి, పిల్లల చదువును బట్టి పని మార్చుకుంటూ వచ్చినోళ్లం. పని మారిన ప్రతిసారీ పాత కాగితం అక్కడే ఉండిపోయింది. కొన్నింటికి కాగితమే పుట్టలేదు. బీడీల పని కూడా ఇప్పుడు తగ్గిపోయింది. 2016లో కట్టల మీద పెద్ద బొమ్మలు వచ్చినయి, 2017లో 28 శాతం జీఎస్టీ పడ్డది, మా వైపు నెలకు సగం రోజులు కూడా పని దొరకడం లేదు. రేపు ఇంకో పనికి మారతాం. కనీసం అప్పుడైనా చేతిలో కాగితం ఉండాలి.

అందుకని మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నం. ఖర్చేమీ లేదు, ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు. ఒక్కో సభ్యురాలికి ఒక పేజీ. అందులో ఐదు మాటలు రాస్తాం. ఏం పని చేసింది, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఎక్కడ, ఎవరి పేరు మీద, చేతిలో ఏ కాగితం ఉంది. సభ్యురాలే చెప్పాలి, ఆమె ముందే రాయాలి, రాసింది చదివి వినిపించాలి. పాతది చూసి దించకూడదు.

ఇట్లా రాయడం వల్ల ఏం దొరికిందో కూడా చెబుతాం. పీఎఫ్ ఉన్నోళ్లలో ఇద్దరికి పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఉంది. పేర్లు కలవకపోతే రేపు డబ్బులు తీసుకునేటప్పుడు ఆగిపోతాయి. ఒకామెది సరిచేయించినం, ఒకామెది ఇంకా నడుస్తున్నది. పదేళ్ల సర్వీసు ఉంటే యాభై ఎనిమిదేళ్లకు పీఎఫ్ పింఛను వస్తుందని మాలో ఒకామెకు తెలియనే తెలియదు. ఇంకో రెండేళ్లు సర్వీసు ఉంటే ఆమెకు పదేళ్లు నిండుతాయి. ఇద్దరికి బ్యాంకు ఖాతాలో నామినీ లేదు. ఒకామె జాబ్ కార్డులో చనిపోయిన అత్తగారి పేరు ఇంకా అట్లనే ఉంది. ఇవన్నీ పెద్ద పనులేమీ కావు. కూర్చుని అడిగితే బయటపడేవే. అడగలేదు కాబట్టి ఇన్నాళ్లు ఉండిపోయినయి.

మన సమాఖ్యను మేము కోరేది ఒకటి. వచ్చే ఏడాది మైక్రో క్రెడిట్ ప్లాన్లు రాసేటప్పుడు ప్రతి గ్రామ సంఘంలో ఒక్క మీటింగు ఈ పనుల పేజీ కోసం పెట్టించండి. పుస్తకాలు రాసే చెల్లెళ్లకు మేము చెప్పేది ఇంకొకటి. మీ చేతిలో పెన్ను ఉంది. తొందరలో, లైను పెద్దగా ఉన్నప్పుడు, సర్వర్ ఆగినప్పుడు, "కూలీ అని కొట్టు" అన్న మాట మన నోట్లో నుంచే వస్తుంది. ఆ రెండు నిమిషాలు ఆగండి. ఆమె ఏ యేటి పని చెప్పాలె అని అడిగితే, అన్ని ఏండ్లవీ చెప్పమనండి.

పెద్దమ్మ పేజీలో పన్నెండు పనులు రాసినం అని చెప్పినం కదా. మొన్న యాసంగి వడ్ల కేంద్రంలో వాన మబ్బు పట్టినప్పుడు, ఆమె రెండు రాత్రులు టార్పాలిన్ల దగ్గర కావలి ఉంది. మరుసటి మీటింగులో పుస్తకం తెరవగానే, "పదమూడోది రాయి, కావలి" అన్నది. ఎవరి పేరు మీద అని మేము అడగకముందే, "నా పేరు మీదనే" అన్నది. రాసినం.